రెబెకమ్మ గీత

మా అక్క రెబెకమ్మ వాడేసిన కార్బన్ కాగితాలను పొయ్యిలో వేసి కాల్చేది. కొత్త కార్బన్‌తో ఒక్కసారి టైపు కొట్టి, దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కొట్టిన ప్రతి అక్షరమూ చదవొచ్చు. ఉదయగిరి తాసిల్దారు ఆఫీసు ముందు రేకుల పంచలో కూర్చుని అర్జీలు కొట్టేవాళ్లు అప్పట్లో అరడజను మంది ఉండేవాళ్లు. కార్బన్ కాల్చింది ఆమె ఒక్కతే.

"అన్న మీద తమ్ముడు అర్జీ కొట్టించుకుంటాడు. సాయంత్రం అన్న వచ్చి నా చెత్తబుట్ట తవ్వితే ఏం చెప్పేది?" అనేది.

అలాంటి మనిషి మీద ఆకాశరామన్న ఉత్తరం రాసిందన్న నింద వేశారు. వేసినవాళ్లకు ఈ కార్బన్ సంగతి తెలుసు. తెలిసి వేశారు. ఇప్పటికీ నా కోపం తగ్గకపోవడానికి కారణం అదే.

మాది అనంతసాగరం దగ్గర పల్లె. నాయన మిషన్ బడిలో పంతులు. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. పదో తరగతి పాసై, ఆత్మకూరులో టైపు నేర్చుకుని, లోయరు, హయ్యరు రెండూ తెలుగులోనే గట్టెక్కింది. బావ ఓబయ్య వాళ్ల ఊరు సోమశిల డ్యాము నీళ్లలో మునిగిపోయింది. పెళ్లయిన నెలకే మామగారి కోసం ఇంటి స్థలం అర్జీ కొట్టింది. అదే ఆమె మొదటి అర్జీ. ఆ తర్వాత ముంపు కుటుంబాల వాళ్లు ఎంతమంది ఆమె చేత కొట్టించుకున్నారో లెక్కలేదు. అర్జీలో ఏముందో ఆమె ఎవరికీ చెప్పలేదు. బావకు కూడా చెప్పలేదు. ఆయన పచ్చకామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. మోకాళ్లు పట్టేశాక పంచ వదిలేసి, ఉదయగిరిలో చర్చి ప్రహరీని ఆనుకుని ఉన్న తన ఇంటి ముందు గదిలోనే పని పెట్టుకుంది. టైపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చింది. నేను ఆత్మకూరు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ని. శనివారాలు బస్సెక్కి వెళ్లేవాణ్ని.

ఐదేళ్ల క్రితం ఆత్మకూరులో కంప్యూటర్ల షాపు రమేష్‌బాబు దగ్గర వైఫై ప్రింటర్ ఒకటి కొన్నాం. అతనే తెచ్చి బిగించాడు. ఇంట్లో ఇంటర్నెట్ డబ్బాకు, ప్రింటర్‌కు సంబంధం కలిపి, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారని అడిగాడు.

"గుర్తుండేది ఏదైనా చెప్పండి సార్."

నేను తలెత్తి చూశాను. గుమ్మం మీద వాగ్దాన కార్డు ఉంది. మా చర్చి సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధనలో కుటుంబానికొక కార్డు తీస్తారు. ఆ కార్డు మీది బైబిలు వాక్యమే ఆ ఏడాదికి ఆ ఇంటి వాగ్దానం. గుమ్మం మీద తగిలించుకుంటారు, వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తారు, పిల్లల చేత కంఠస్థం చేయిస్తారు. ఆ వాక్యం పేరు, దాని అంకెలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి చెప్పాను. రమేష్‌బాబు కొట్టాడు. అక్కకు అది బాగా నచ్చింది. ప్రతి జనవరిలో కొత్త కార్డు రాగానే రమేష్‌బాబు చేత పాస్‌వర్డ్ మార్పించేది.

"బ్యాంకోళ్లు కూడా ఇంత క్రమంగా మార్చర్రా" అని గొప్పగా చెప్పుకునేది.

తాళం మారుస్తున్నాం, తాళంచెవి గుమ్మానికే తగిలిస్తున్నాం. ఇద్దరికీ తోచలేదు. ఆ మొదటి పాస్‌వర్డ్ పెట్టింది నేను. చదువుకున్నవాణ్ని నేను. ఆ కోపం నా మీద నాకుంది, అది వేరే సంగతి.

ఇంట్లో పెట్టుకునే ప్రార్థనకు, అదే గృహకూడికకు, వచ్చినవాళ్లంతా కార్డు చూసి వైఫై కలుపుకునేవాళ్లు. ఒకసారి కలిపితే ఏడాదంతా ఫోను దానంతటదే కలుస్తుంది. అడ్మిషన్ల రోజుల్లో గదిలోనూ అరుగు మీదా జనం కూర్చుని, ఎవరి ఫోను నుంచి వాళ్లే ప్రింటు కొట్టుకునేవాళ్లు. కాగితాలు బోర్లా పడేవి. అక్క వాటిని తిప్పి చూసేది కాదు. "ఎవురి కాగితం వాళ్లు తీసుకోండి, పక్కోళ్లది చూడబాకండి" అని మాత్రం అనేది. కార్బన్ కాల్చిన మనిషి పద్ధతి అది.

ఆ ప్రింటర్‌కు ఒక లోపం ఉండేది. లోపల డ్రమ్ము మీద గీటు పడి, ప్రతి కాగితానికి ఎడమ అంచున వెంట్రుకంత నల్ల గీత వచ్చేది. ఊళ్లో దాన్ని రెబెకమ్మ గీత అనేవాళ్లు. ఆఫీసులో గుమాస్తాలు అర్జీ చూడగానే, "రెబెకమ్మ కొట్టిందేనా, అయితే తప్పులుండవులే" అనేవాళ్లు.

2023 జూన్‌లో, ఒక సోమవారం పొద్దున, చర్చి తలుపు మీదా బస్టాండు గోడ మీదా ఒకే ఉత్తరం అంటించి ఉంది. సంతకం లేదు. మా సంఘంలో సుజన అనే అమ్మాయి గురించి. సుజన అప్పుడే ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో అంటూ రాసిన ఆ మాటలు నేనిక్కడ మళ్లీ రాయను. సుజనకు తెలుగు టైపు నేర్పింది మా అక్కే. అత్తా అని పిలిచేది.

ఆ ఉత్తరానికి ఎడమ అంచున గీత ఉంది.

వారం రోజులు ఎవరూ అక్కతో ఏమీ అనలేదు. అరుగు మాత్రం ఖాళీ అయింది. ఆదివారం ఆరాధన అయ్యాక, జనం ఇంకా లేవకముందే, సంఘ కార్యదర్శి డేవిడ్‌రాజు సార్ మైకు దగ్గరికి వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. నేనక్కడ లేను. అక్క చెప్పిందే రాస్తున్నాను.

"రెబెకమ్మా, ఒక మాట అడగతా ఉండా. ఆ కాగితం నీ ఇంట్లో నుంచి వచ్చిందా, రాలేదా?"

"గీత నాదే సార్. కాగితం నేను కొట్టింది కాదు."

"నీ మిషన్లో నువ్వు కాకుండా ఎవురు కొడతారు?"

"అందురూ కొట్టుకుంటారు. మీరూ మొన్న పెన్షన్ కాగితం కొట్టుకోలేదా?"

వెనక ఎవరో నవ్వారట. డేవిడ్‌రాజు సార్‌కు నవ్వు గిట్టదు. "మాటకు మాట చెప్పొద్దు. దేవుడి ముందర ఉండావు" అన్నారు. అక్క కూర్చుంది. సుజన, వాళ్లమ్మ లేచి బయటికి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం అక్క నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "నువ్వు రా. ఆ మిషన్ నేను లేనప్పుడు ఎట్టా కొట్టిందో నాకు చూపించు" అంది.

మరునాడు సెలవు పెట్టి వెళ్లాను. ఇద్దరం ప్రింటర్ ముందు కూర్చున్నాం. కంప్యూటర్ ఇంకా వేయనే లేదు. ప్రింటర్ దానంతటది గుర్రుమని లేచి ఒక కాగితాన్ని బయటికి తోసింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

ఇవతలి గోడ మీదుగా పక్కింటి కామాక్షమ్మ తల కనిపించింది. అక్క ఈడు మనిషి, నోరు ఎక్కువ.

"రెబెకా, మా మనవరాలి హాల్‌టికెట్ వచ్చిందేమో చూడు."

"నువ్వు కొట్టినావా?"

"ఆ. మా గొడ్లపాక కాడ నుంచి. ఇక్కడైతేనే బాగా అందుతాది. బర్రెకు కూడా అందుతాది నీ వైఫై, ఫోను లేక ఊరుకుండాది."

నాకు నవ్వు రాలేదు. అక్క ఆ కాగితాన్ని ఎత్తి, అలవాటుగా బోర్లా పట్టుకునే, కామాక్షమ్మకు ఇచ్చి వచ్చింది.

"శాంతీ," అంది నాతో, "ఇప్పుడు ఎన్ని ఫోన్లు కలిసి ఉండాయో తెలిసేదానికి దారి ఉందా?"

రమేష్‌బాబుకు ఫోన్ చేశాను. కంప్యూటర్లో ఇంటర్నెట్ డబ్బా పేజీ ఎలా తెరవాలో చెప్పాడు. ఆ పేజీకి కూడా వేరే పాస్‌వర్డ్ ఒకటుంటుందనీ, కంపెనీ పెట్టినదాన్ని ఎవరూ మార్చలేదనీ అప్పుడే తెలిసింది. తెరిస్తే పదకొండు ఫోన్లు కనిపించాయి. కొన్నింటికి కంపెనీ పేర్లు, కొన్నింటికి మనుషుల పేర్లు. వాటిలో ఒకటి: డేవిడ్‌రాజు హెచ్.ఎం.

"ఆయన ఈడ లేడే" అన్నాను.

"చర్చి వరండాలో ఉంటాడు. సోమవారం తాళాలు చూసుకునేదానికి వస్తాడు."

వెంటనే పాస్‌వర్డ్ మార్చేద్దామన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆగు. మూసేస్తే ఇంక ఏం చూపిస్తాం? ముందు ఆయన్ని రానీ."

తనే చర్చి ప్రహరీ దగ్గరికి వెళ్లి పిలిచింది. డేవిడ్‌రాజు సార్ వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"సార్, మీరు మళ్లీ చర్చి వరండాలోకి పొండి. మీ ఫోన్లో ఉన్న ఏదో ఒక ఫోటో తెరిచి ప్రింటు అని నొక్కండి."

"నాకవన్నీ తెలవదమ్మా."

"పెన్షన్ కాగితానికి తెలిసింది కదా."

వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. వరండా నుంచి మా ఇంటి తలుపు కూడా కనపడదు. ఆయన ఫోన్లో ప్రింటు నొక్కితే అక్క ప్రింటర్ పేరొక్కటే వచ్చింది. పాస్‌వర్డ్ అడగలేదు, ఎవరు నువ్వని అడగలేదు. తిరిగి వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉంది. గొర్రెపిల్లను ఎత్తుకుని నిలబడ్డ డేవిడ్‌రాజు సార్ ఫోటో. ఎడమ అంచున గీత.

అక్క ఆ కాగితాన్ని ఆయన చేతికిచ్చింది.

"ఇది నేను కొట్టినానా, మీరు కొట్టినారా?"

డేవిడ్‌రాజు సార్ కాగితాన్నీ, దాని ఎడమ అంచునూ చూశారు. ఆయన తెలివైన మనిషి. అర్థం కాలేదని నేననను.

"అయితే నీ తప్పు లేదంటావా? తలుపు తీసి పెట్టింది నువ్వే కదా."

"తలుపు తీసి పెట్టింది నేనే సార్. ఆ తప్పు ఒప్పుకుంటా. ఉత్తరం మాత్రం రాయలా. ఆ రెండూ వేరే. మీరు బడిలో పిల్లకాయలకు చెప్పినోళ్లు, ఆ మాత్రం తేడా తెలుసు మీకు."

"సరేలే. కొట్టినోడు ఎవుడో కనుక్కుంటాం."

"ఎవురో నాకొద్దు. ఎవుర్నీ కనుక్కోబాకండి. నిన్న మైకులో అడిగినారు. వచ్చే ఆదివారం మైకులో చెప్పండి, రెబెకమ్మ రాయలేదని. సుజన వినేటట్టు చెప్పండి. అంతే."

"చూద్దాంలే" అన్నారాయన. ఫోటో మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ పూటంతా మేం తలుపు మూసే పనిలో పడ్డాం. రమేష్‌బాబు ఫోన్లో చెబుతూ ఉంటే అక్క ఒక నోటు పుస్తకంలో తన చేత్తో రాసుకుంది. ఇంటర్నెట్ డబ్బా పేజీకి కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చాం. వైఫైకి పాత పాస్‌వర్డ్ తీసి కొత్తది పెట్టాం. ఈసారి వాక్యం కాదు, ఇంటి పేరు కాదు, పుట్టిన తేదీ కాదు. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు, మధ్యలో అంకెలు. ప్రింటర్‌ను కొన్న రోజు ఎలా ఉందో అలా మొత్తం చెరిపేసి, మళ్లీ మొదటి నుంచి కలిపాం. ప్రింటర్‌కూ ఒక పేజీ ఉంటుందనీ, అది తాళం లేని గదిలా ఇన్నాళ్లూ ఉందనీ రమేష్‌బాబు చెబితే, దానికీ వేరే పాస్‌వర్డ్ పెట్టాం. ఇంటర్నెట్ డబ్బాతో పని లేకుండా ఫోను నేరుగా ప్రింటర్‌కే కలిసే దారి ఇంకొకటి తెరిచే ఉంది. దాని పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వరుసగా.

"ఇది నువ్వు పెట్టినావా రమేషూ?" అని అక్క ఫోన్లో అడిగింది.

"కంపెనీ వాళ్లు పెట్టిందేనమ్మా."

"నువ్వు తియ్యలా."

"ఎవురూ తియ్యరమ్మా."

"ఎవురూ తియ్యరని నువ్వూ తియ్యలా. సరే, ఇప్పుడు ఎట్టా తియ్యాలో చెప్పు."

ఆ దారి మూసేశాం. కంపెనీ వాళ్లు తప్పులు దిద్ది పంపిన కొత్త సాఫ్ట్‌వేర్ రెండేళ్లుగా ఎక్కించకుండా ఉంటే ఎక్కించాం. వచ్చినవాళ్ల కోసం విడిగా ఒక వైఫై పెట్టాం. దాంట్లో ఇంటర్నెట్ వస్తుంది, ప్రింటర్ మాత్రం కనపడదు. చివర కామాక్షమ్మను గొడ్లపాక దగ్గరికి పంపి ప్రింటు కొట్టమన్నాం. రాలేదు. చర్చి వరండా నుంచి నేను కొట్టి చూశాను. రాలేదు. డ్రమ్ము కూడా మార్చేస్తానని రమేష్‌బాబు అన్నాడు.

"వద్దు. ఇప్పుడు గీత పోతే, దాన్ని చూసి భయపడి తీయించిందంటారు. ఉండనీ."

ఆ వచ్చిన ఆదివారం డేవిడ్‌రాజు సార్ ప్రకటనలన్నీ చదివారు. పెళ్లి ప్రకటన, స్త్రీల కూడిక, వరండాకు సున్నం. అక్క మాట రాలేదు. బయట అడిగితే, "ఇది సమయం కాదు రెబెకమ్మా" అన్నారు. ఆ తర్వాతి ఆదివారం, "సద్దుమణిగింది కదా, మళ్లీ కెలకడం ఎందుకు" అన్నారు. క్రిస్మస్ దాకా చూడమన్నారు. క్రిస్మస్ వెళ్లాక ఈస్టర్ అన్నారు. ఆమె ఒక్క ఆదివారం కూడా మానలేదు. మూడో వరుసలో, మైకుకు ఎదురుగా కూర్చునేది. "నేను కనపడకుండా పోతే ఆయనకు సుఖం. ఆ సుఖం ఇయ్యను" అనేది.

మైకులో అందరి ముందు అడగడానికి ఒక్క నిమిషం పట్టింది. మైకులో అందరి ముందు చెప్పడానికి సమయం దొరకలేదు. నలభై ఏళ్లు బడి నడిపిన మనిషికి దొరకలేదు. సంఘంలో పెద్దలు మరో నలుగురున్నారు. గృహకూడికలకు వచ్చినప్పుడు వాళ్ల ఫోన్లు కూడా ఆ వైఫైకి కలిసినవే. ఒక్కరూ లేచి అడగలేదు.

ఇంటికి మళ్లీ జనం రావడం మొదలుపెట్టారు. వైఫై ఉన్నా ప్రింటు ఎందుకు రావడం లేదని దబాయించారు. "రెబెకమ్మకు గర్వం ఎక్కింది, పాస్‌వర్డ్ దాచుకుంటా ఉండాది" అని ఒక మాట పుట్టింది. ఇప్పుడు అందరూ తమ కాగితాలను ఆమె వాట్సాప్‌కు పంపాలి, ఆమె తెరవాలి, చూడాలి, కొట్టాలి. ఆమెకు అన్నిటికంటే కష్టమైంది అది.

"ముప్పై ఏళ్లు ఒకరి కాగితం చదవకుండా కొట్టినా శాంతీ. వేళ్లు కొట్టేవి, మనసులోకి రానిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ప్రతిదీ చదవతా ఉండా, ఏ చెత్త నా పేరు మీద పోతాదో అని. పోలీసు పని అయిపోయింది నాది."

ఒక శనివారం నేనుండగా సుజన వచ్చింది. గుమ్మం దాటకుండా నిలబడింది. ఏదో దరఖాస్తు కొట్టించుకోవాలి. అక్క చదివి, కొట్టి, బోర్లా పెట్టి ఇచ్చింది. సుజన తీసుకుని కదల్లేదు.

"అత్తా, అది నువ్వు కాదని నాకు తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచే."

"తెలిస్తే ఆ రోజు లేచి బయటికి ఎందుకు పోయినావు?"

"అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది."

"చెయ్యి పట్టుకున్నా నోరు ఉంటాది కదే."

సుజన దరఖాస్తును మడిచి పట్టుకుంది. అక్క కూర్చోమని అనలేదు. ఆ అమ్మాయి వెళ్లాక, "దాని మీద కూడా కోపం వస్తా ఉండాది, చూడు. దెబ్బ తగిలింది దానికి. నాకు కోపం రాకూడదు. వస్తా ఉండాది" అంది.

2024 నవంబరులో అక్క గుండె ఆగి పోయింది. పొద్దున ఎవరికో ముంపు స్థలం అర్జీ కొడుతూ, సగంలో. కామాక్షమ్మ చూసింది. నేను ఆత్మకూరు నుంచి వచ్చేసరికి ఆ సగం కాగితాన్ని ఎవరూ చదవకుండా బోర్లా తిప్పి, మీద సున్నపురాయి పెట్టి ఉంచింది.

మూడో రోజు చర్చిలో, ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక. పోయినవాళ్ల జీవిత విశేషాలు రాసి, ఇంటివాళ్ల చేత చదివించడం మా దగ్గర ఆనవాయితీ. రాసింది డేవిడ్‌రాజు సార్. నా చేతికి ఇచ్చేసరికి కూడిక మొదలైంది. చదవడం మొదలుపెట్టాను. పుట్టిన ఊరు, నాయన పేరు, టైపు పరీక్షలు, పెళ్లి. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ తర్వాత, "ఎవరి చేతా ఒక్క మాట పడకుండా జీవించిన ధన్యురాలు" అని ఉంది.

ఆపాను. చదవలేకపోతున్నాననుకుని ముందు వరుసలో ఎవరో నీళ్ల గ్లాసు అందించబోయారు.

"ఈ వాక్యం అబద్ధం. నేను చదవను" అన్నాను. "మా అక్క మాట పడింది. ఇదే మైకులో పడింది. రాయని ఉత్తరానికి పడింది. డేవిడ్‌రాజు సార్ అడిగినారు, ఆమె కాదంది. నిజం ఆమె ఇంట్లోనే ఆయనకు చూపించింది. పదిహేడు నెలలు మూడో వరుసలో కూర్చుని ఒక్క మాట కోసం చూసింది. సార్, ఆ మాట ఇప్పుడు చెప్పండి. తర్వాత మిగతాది చదువుతాను."

"శాంతికుమార్, ఇది సమయం కాదు" అన్నారాయన, కూర్చునే.

"ఆమెకు కూడా అదే చెప్పినారు."

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి సుజన లేచి నిలబడింది. వాళ్లమ్మ పక్కనే ఉంది. "చెప్పండి సార్" అంది. కూర్చోలేదు.

డేవిడ్‌రాజు సార్ లేచారు. మైకు దగ్గరికి వచ్చేసరికి చాలా సమయం పట్టింది. "రెబెకమ్మ ఆ ఉత్తరం రాయలేదు. సంఘం తరఫున చెప్తా ఉండా" అన్నారు. తిరిగి వెళ్లబోయారు.

గుమ్మం దగ్గర, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ కామాక్షమ్మ అడిగింది. గట్టిగా కూడా అడగలేదు.

"ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

ఆయన ఆగారు. అబద్ధం చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు.

"అప్పుడే."

ఆ వాక్యాన్ని కలంతో కొట్టేసి, కింద ఉన్న రెండు వరుసలు చదివి వచ్చి కూర్చున్నాను. పాట నంబరు ఎవరో చెప్పారు. అందరూ లేచారు. నేను లేవలేదు.